వార్డులో నర్సెస్ నోట్స్ ఏ పద్ధతిలో రాయాలి: సోప్, పై, ఫోకస్ చార్టింగా, మామూలు కథనమా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. మీరు జీఎన్ఎం నర్సింగ్ డిప్లొమా పూర్తి చేసి, మూడు నెలల క్రితం ఒడిశాలో గుణుపూర్ వైపు ఒక ఆసుపత్రిలో స్టాఫ్ నర్సుగా చేరారు. కాలేజీలో నోట్స్ రాసే పద్ధతులుగా సోప్ (SOAP), పై (PIE), ఫోకస్ చార్టింగ్ అని నేర్పారు. వార్డులో మాత్రం సీనియర్లు డ్యూటీ దిగే ముందు "పేషెంట్ స్టేబుల్, మందులు ఇచ్చాము" అని అందరి కేసు షీట్లలోనూ ఒకే వాక్యం రాసి సంతకం పెడుతున్నారు. ముప్పై మంది రోగులకు ఇద్దరు నర్సులున్న చోట ఏ పద్ధతి పాటించాలి, రోగి తెలుగులోనో ఒడియాలోనో ఇక్కడి గిరిజన భాష అయిన సవరలోనో చెప్పిన మాటను ఎలా రాయాలి, రాయడం మరచిపోతే తరువాత రాయవచ్చా అని అడిగారు.

ముందు సూటిగా చెబుతాను. అంకెలన్నీ చార్టులలో రాయండి. మార్పు వచ్చిన రోగికి మాత్రమే ఫోకస్ పద్ధతిలో, అంటే డేటా, యాక్షన్, రెస్పాన్స్ అనే మూడు భాగాలుగా నోట్ రాయండి. ఎమర్జెన్సీ వస్తే నిమిషాలతో సహా మామూలు కథనం రాయండి. రోగిని వేరే ఆసుపత్రికి పంపేటప్పుడు ఐస్‌బార్ (ISBAR) అనే అయిదు ముక్కల వరుసలో రాయండి, అవి ఏమిటో కింద చెబుతాను. మీ ఆసుపత్రిలో ముద్రించి ఇచ్చిన ఫారం వేరేలా ఉంటే దానినే వాడండి, కానీ ఈ మూడు భాగాలు అందులోనే ఇమడ్చండి. ఏ పేరు పెట్టినా, మన వార్డుల నోట్స్‌లో సాధారణంగా లోపించేది మూడవ భాగమైన రెస్పాన్స్. మనం చేసిన పని తరువాత రోగికి ఏమైందన్నది ఎవరూ రాయడం లేదు.

నేను పర్లాకిమిడిలో పుట్టి పెరిగాను. ఇరవై నాలుగేళ్లుగా గజపతి, రాయగడ జిల్లాల ఆసుపత్రులలోనే పనిచేస్తున్నాను. చివరి తొమ్మిదేళ్లు వార్డు ఇన్‌ఛార్జిగా ఉన్నాను. కింద చెప్పేదంతా ఆ పనిలో నుంచి వచ్చినదే.

"స్టేబుల్" అనే మాట గురించి. ఆ మాట రాసిన సీనియర్లను నేను తప్పుపట్టను, ఎందుకంటే నేనూ ఏళ్ల తరబడి అలాగే రాశాను. నా మూడవ సంవత్సరంలో ఒక సిజేరియన్ బాలింత మా వార్డులో ఉండేది. రెండవ రోజు ఉదయం యూరిన్ క్యాథెటర్, అంటే మూత్రం గొట్టం, తీసేశాము. మధ్యాహ్నం డ్యూటీ దిగేటప్పుడు నేను "యూరిన్ పాస్డ్, స్టేబుల్" అని రాశాను. సాయంత్రం వచ్చిన నర్సు నా మాట చూసి ధైర్యపడి ఆమె కూడా అదే రాసింది. రాత్రి ఆ బాలింత పొత్తికడుపు నొప్పి అంటే, ఆపరేషన్ నొప్పేనని ఇంజెక్షన్ ఇచ్చారు. తెల్లవారి డాక్టరు గారు పొట్ట మీద చేయి వేసి చూసి మళ్లీ క్యాథెటర్ వేయించారు. తొమ్మిది వందల మిల్లీలీటర్లు వచ్చింది. ఆమె మూత్రానికి వెళ్లిన మాట నిజమే, కానీ వెళ్లిన ప్రతిసారీ ముప్పై, నలభై మిల్లీలీటర్లు మాత్రమే వచ్చి, మిగిలినదంతా మూత్రాశయంలో నిలిచిపోయింది. నేను రాసినదాంట్లో అబద్ధం లేదు. కానీ నా తరువాత వచ్చిన మనిషి ఆ వాక్యం చదివి ఏమీ గ్రహించలేకపోయింది. "ఉదయం 8కి క్యాథెటర్ తీశాము, 11:30కి 40, మధ్యాహ్నం 1:15కి 30 మిల్లీలీటర్లు" అని రాసి ఉంటే, ఆ రెండు అంకెలు చూసిన ఏ నర్సయినా పొత్తికడుపు తడిమి చూసేది. ఆ బాలింత రాత్రంతా పడిన బాధ నేను రాయని రెండు అంకెల వల్ల వచ్చింది. ఆ తరువాత నేను "పాస్డ్" అని ఒంటరిగా ఏనాడూ రాయలేదు.

ఇక పద్ధతులు. సోప్ అన్నది నిజానికి డాక్టర్ల కోసం పుట్టినది. 1960లలో అమెరికాలో లారెన్స్ వీడ్ అనే వైద్యుడు, కేసు షీటును రోగి సమస్యల వరుసలో రాయాలని ప్రతిపాదించాడు. రోగి చెప్పినది, మనం చూసినది, మన అంచనా, చేయబోయే పని అన్నవి దాని నాలుగు భాగాలు. రౌండ్లలో రోజుకొకసారి ఆలోచించి రాసే మనిషికి అది చక్కగా సరిపోతుంది. నర్సు ఎనిమిది గంటలపాటు పక్కనే ఉండి పని చేస్తుంది, చేసిన పని ఫలితాన్ని తానే చూస్తుంది. సోప్‌లో ఆ రెండింటికీ చోటు లేదు. అందుకే తరువాత దానికి ఇంటర్వెన్షన్, ఇవాల్యుయేషన్ అని రెండు అక్షరాలు చేర్చారు. అప్పుడు ఒక్కొక్క సమస్యకు ఆరు భాగాలు రాయవలసి వచ్చింది, ముప్పై మంది ఉన్న వార్డులో అది సాగే పని కాదు. 'పై' (PIE) పద్ధతి, అంటే ప్రాబ్లమ్, ఇంటర్వెన్షన్, ఇవాల్యుయేషన్, క్లుప్తంగానే ఉంటుంది. అయితే సమస్యలకు నంబర్లు వేసి ప్రతి షిఫ్టులోనూ ఆ నంబర్లను కొనసాగించాలి. మొదటి రోజు అసెస్‌మెంట్ సరిగా జరగని చోట ఆ నంబర్లే తారుమారవుతాయి.

ఫోకస్ చార్టింగ్‌ను నేను ఎంచుకోవడానికి కారణం, అది జబ్బు పేరుతో మొదలుకాదు. జ్వరం, భయం, వాంతి, క్యాన్యులా (నరంలో పెట్టే సెలైన్ గొట్టం) దగ్గర వాపు, ఇంటికి వెళ్లిపోతాననే పట్టుదల, ఇలా ఆ క్షణంలో నర్సు దృష్టి దేని మీద ఉందో అదే శీర్షిక అవుతుంది. ఒక నమూనా ఇస్తున్నాను. మన వార్డులలో దీనిని ఇంగ్లీషులోనే రాస్తాము, విషయం తెలియడానికి ఇక్కడ తెలుగులో పెడుతున్నాను.

"23:20. ఫోకస్: ఆయాసం. డేటా: మంచం మీద కూర్చొని ముందుకు వంగి ఊపిరి తీస్తున్నాడు. శ్వాస 32, నాడి 118, ఆక్సిజన్ శాతం గది గాలిలో 88. 'పడుకుంటే గాలి ఆడటం లేదు' అన్నాడు. యాక్షన్: తలవైపు మంచం ఎత్తాము. మాస్కుతో ఆక్సిజన్ నిమిషానికి 5 లీటర్లు. 23:25కి డ్యూటీ డాక్టరుకు ఫోన్ చేశాము. ఆయన చెప్పిన ప్రకారం 23:30కి నెబ్యులైజేషన్. రెస్పాన్స్: 23:50కి శ్వాస 24, ఆక్సిజన్ శాతం 94. 'ఇప్పుడు ఒరగగలను' అన్నాడు."

దీనిని రాయడానికి మూడు నిమిషాలు పడుతుంది. ఇందులో "స్టేబుల్", "ఫెయిర్", "బెటర్" అన్న మాటలు ఒక్కటీ లేవు, అయినా తెల్లవారి వచ్చిన డాక్టరుకు రాత్రి ఏమి జరిగిందో పూర్తిగా తెలుస్తుంది. సమయాన్ని ఇరవై నాలుగు గంటల లెక్కలో రాయండి. "8:00కి ఇచ్చాము" అన్నప్పుడు అది ఉదయమా, రాత్రా అన్న సందేహంతో ఒక మోతాదు ఎగిరిపోవడమో రెండుసార్లు పడటమో జరుగుతుంది.

మార్పు ఉన్నవి మాత్రమే రాసి, మామూలుగా ఉన్నవాటికి టిక్ పెట్టే ఎక్సెప్షన్ చార్టింగ్ గురించి కూడా మీకు చెప్పి ఉంటారు. అమెరికాలో 1980లలో వచ్చిన ఆ పద్ధతి సమయం మిగులుస్తుందన్నది నిజమే. అయితే ఏది "మామూలు" అన్నది ఆసుపత్రి ముందుగా రాతపూర్వకంగా నిర్ణయించి ఉంటేనే దానికి అర్థం ఉంటుంది. మన దగ్గర ఆ నిర్ణయం సాధారణంగా ఉండదు కాబట్టి, ఖాళీ గడి చూసినవారికి రోగి బాగున్నాడో, అసలు ఎవరూ చూడలేదో తెలియదు. ఆ పద్ధతిని ఇక్కడ వాడవద్దని నా గట్టి అభిప్రాయం.

ముప్పై మందికి ఎలా రాయాలి? ముప్పై మందికీ నోట్ రాయనవసరం లేదు. టీపీఆర్ (జ్వరం, నాడి, శ్వాస) చార్ట్, ఇన్‌టేక్-అవుట్‌పుట్ చార్ట్, మందుల చార్ట్ అందరికీ నిండాలి. అవి మంచం పక్కనే, ఆ నిమిషంలోనే నిండాలి. నోట్ మాత్రం కొత్తగా చేరినవారికి, ఆపరేషన్ అయినవారికి, రక్తం ఎక్కుతున్నవారికి, చార్టులో అంకె మారినవారికి, ఏదైనా ఫిర్యాదు చెప్పినవారికి రాయాలి. మామూలు రోజున అలాంటివారు ఏడెనిమిది మందికి మించరు. గ్లవ్స్ కవరు మీద, దూది డబ్బా మీద, అరచేతి మీద అంకెలు రాసుకొని డ్యూటీ చివర ఎక్కించే అలవాటు మనందరికీ ఉంది. అది మానండి. అరచేతి మీది 96 ఏ మంచానిదో సాయంత్రానికి మనకే గుర్తుండదు. ముందుగా రాసిపెట్టడం అంతకంటే ప్రమాదం. ఇవ్వబోయే ఇంజెక్షన్‌కు ముందే సంతకం చేసి, ఆ తరువాత రోగి వాంతి చేసుకోవడమో క్యాన్యులా పోవడమో జరిగితే, ఆ సంతకం తప్పుడు సాక్ష్యం అవుతుంది.

లేబర్ రూమ్ డ్యూటీ పడితే పార్టోగ్రాఫ్, అంటే కాన్పు ఎలా సాగుతోందో గీతలతో చూపే చార్ట్, గురించి ప్రత్యేకంగా శ్రద్ధ వహించండి. మనకున్న చార్టులన్నింటిలో నాకు గౌరవం ఎక్కువ దాని మీదనే. మేము వాడే రకాన్ని గర్భాశయ ముఖం 4 సెంటీమీటర్లు తెరుచుకున్నప్పుడు మొదలుపెడతాము. బిడ్డ గుండె చప్పుడు, నొప్పులు, తల్లి నాడి అరగంటకొకసారి, రక్తపోటు, లోపలి పరీక్ష నాలుగు గంటలకొకసారి గుర్తిస్తాము. కాన్పు నెమ్మదిస్తోందని హెచ్చరించే అలర్ట్ గీతకూ, ఇక ఏం చేయాలో తేల్చుకోవలసిన యాక్షన్ గీతకూ మధ్య అందులో నాలుగు గంటల ఎడం ఉంటుంది. ఆ నాలుగు గంటలు పట్నంలో చాలా సమయం. కొండ మీది ఆరోగ్య కేంద్రంలో, బండి రావడానికి గంట, ఘాట్ దిగడానికి రెండు గంటలు పట్టే చోట, అలర్ట్ గీత దాటగానే రిఫరల్, అంటే పెద్ద ఆసుపత్రికి పంపే మాట మొదలుపెట్టాలి. కాన్పు అయిన తరువాత కూర్చొని అందమైన గీత గీసి పార్టోగ్రాఫ్ నింపడం నేను చాలాచోట్ల చూశాను. ఆ కాగితం తనిఖీకి వచ్చినవారికి చూపడానికి పనికివస్తుందే తప్ప, ఆ తల్లికి ఏ విధంగానూ ఉపయోగపడలేదు.

రక్తం ఎక్కించేటప్పుడు కూడా అంతే. సికిల్ సెల్, మలేరియా వల్ల రక్తం తగ్గి వచ్చేవారు మన జిల్లాలలో ఎక్కువ. ఎక్కించడానికి ముందు, మొదలైన 15 నిమిషాలకు, ఆ తరువాత గంటగంటకూ జ్వరం, నాడి, రక్తపోటు రాయాలి. తీవ్రమైన రియాక్షన్ చాలావరకు మొదటి నిమిషాలలోనే బయటపడుతుంది కాబట్టి 15 నిమిషాల గడిని ఎప్పుడూ ఖాళీగా వదలవద్దు. బ్యాగు నంబరు, మొదలుపెట్టిన సమయం, ముగిసిన సమయం, సరిచూసిన ఇద్దరి సంతకాలు ఉండాలి.

భాష గురించి మీరు అడిగినది చాలా అవసరమైన ప్రశ్న, దీనిని ఏ కాలేజీలోనూ చెప్పరు. రోగి మాటను మన ఇంగ్లీషు వైద్య పదంలోకి వెంటనే మార్చవద్దు. ఒడియాలో "ముండొ బింధుఛి" అంటే తల నొప్పిగా ఉందని, "ముండొ బులాఉఛి" అంటే తల తిరుగుతోందని అర్థం. శ్రీకాకుళం నుంచి కొత్తగా వచ్చిన ఒక నర్సు, మొదటి మాట విని రెండవ అర్థం రాసింది. రోగి తొమ్మిదవ నెల గర్భిణి, రక్తపోటు ఎక్కువగా ఉంది. అలాంటి స్త్రీకి తలనొప్పి అంటే మూర్ఛ రాబోతుందేమోనని భయపడవలసిన లక్షణం, తల తిరగడం అంటే నీరసమేనని కొట్టిపారేసేది. అదృష్టవశాత్తు ఆయా విని సరిదిద్దింది. అందుకే, రోగి అన్న మాటను అన్నట్లే తెలుగు లిపిలోనో ఒడియా లిపిలోనో కొటేషన్లలో పెట్టి, పక్కన మీకు అర్థమైనది రాయండి. మధ్యవర్తి ఉంటే ఎవరో రాయండి: "సవరలో చెప్పినది, ఆశా కార్యకర్త ఒడియాలో చెప్పగా విన్నాను." ఇద్దరి నోటి మీదుగా వచ్చిన మాటలో తేడా రావచ్చునని చదివేవారికి అప్పుడు తెలుస్తుంది. గిడుగు రామమూర్తి పంతులు గారు మా పర్లాకిమిడిలోనే ఉపాధ్యాయుడిగా ఉంటూ సవర భాష నేర్చుకొని, సవరల నోట విన్న మాటలను జాగ్రత్తగా రాసుకొని, 1930లలో ఆ భాషకు వ్యాకరణాన్నీ నిఘంటువునూ అచ్చు వేయించారు. విన్నది విన్నట్లు రాయడం ఈ నేలకు కొత్త కాదని కొత్త నర్సులకు నేను చెబుతూ ఉంటాను.

అంకెలు మాత్రం ఇంగ్లీషు అంకెలలోనే రాయండి. ఒడియా నాలుగు అంకె చూడటానికి ఇంగ్లీషు ఎనిమిదిని పోలి ఉంటుంది. పాతపట్నం దాటి ఆంధ్రా వైపు ఆసుపత్రికి వెళ్లిన రోగి కాగితం మీద 4 మిల్లీగ్రాములను 8గా చదివే అవకాశం నిజంగా ఉంది. ఇన్సులిన్‌కు "యూనిట్లు" అని పూర్తిగా రాయండి. "యు" అనే ఒక్క ఇంగ్లీషు అక్షరం తొందరలో సున్నాలా పడి 10 కాస్తా 100 అవుతుంది. అర మిల్లీగ్రాము రాసేటప్పుడు చుక్కకు ముందు సున్నా ఉండాలి, పూర్తి అంకె తరువాత చుక్క, సున్నా ఉండకూడదు.

రిఫరల్. మన వైపు రోగి ఒకచోట ఉండడు. కొండ మీది కేంద్రం నుంచి గుణుపూర్, రాయగడ, పర్లాకిమిడి, అక్కడి నుంచి బరంపురం, శ్రీకాకుళం, విశాఖపట్నం వరకు వెళతాడు. ప్రతి మెట్టులోనూ చేతులు మారతాయి, చాలాసార్లు రాష్ట్రం, భాష కూడా మారతాయి. ఆ దారిలో రోగితో పాటు వెళ్లేది ఒక్క కాగితమే. ఒక సాయంత్రం మా దగ్గరకు తీవ్రమైన రక్తపోటుతో ఒక గర్భిణిని తీసుకువచ్చారు. కింది కేంద్రం స్లిప్ మీద "మ్యాగ్‌సల్ఫ్ (మెగ్నీషియం సల్ఫేట్) ఇచ్చాము" అని మాత్రమే ఉంది. ఎంత, ఎక్కడ, ఎప్పుడు అన్నవి లేవు. ఆ మందు మూర్ఛను ఆపుతుంది, కానీ ఎక్కువైతే ఊపిరి ఆగే ప్రమాదం ఉంది. ఆ కేంద్రానికి ఫోన్ చేస్తే సిగ్నల్ లేదు. చివరకు ఆమె అత్తగారిని అడిగాము. పిరుదులకు రెండు వైపులా రెండు సూదులు వేశారని, అప్పటికి పశువులు ఇంటికి వచ్చే వేళ అయిందని ఆ పెద్దావిడ చెప్పింది. దానిని బట్టి ఒక్కో వైపు 5 గ్రాముల చొప్పున 10 గ్రాములు, సుమారు సాయంత్రం ఐదున్నరకు అని లెక్క కట్టాము. ఆ మాట కూడా "అత్తగారు చెప్పిన దాని ప్రకారం" అని రాశాము. డాక్టరు గారు ఆ లెక్క మీద తరువాతి మోతాదు నిర్ణయించారు. ప్రతి మోతాదుకు ముందూ మోకాలి రిఫ్లెక్స్ ఉన్నదీ, శ్వాస 16కు తగ్గనిదీ, మూత్రం గంటకు 30 మిల్లీలీటర్లకు తగ్గనిదీ చూసి రాశాము. తల్లీ బిడ్డా క్షేమంగా ఇంటికి వెళ్లారు. స్లిప్ మీద ఇంకొక్క పంక్తి ఉంటే ఆ ఇరవై నిమిషాల వెదుకులాట ఉండేది కాదు.

ఐస్‌బార్ వరుస ఇందుకే కావాలి. రోగి ఎవరు, ఇప్పుడు ఏమి జరుగుతోంది, వెనుక చరిత్ర ఏమిటి, మీ అంచనా ఏమిటి, అవతలివారు ఏమి చేయాలని కోరుతున్నారు అన్నవి అయిదు ముక్కలు. ఇచ్చిన ప్రతి మందుకూ మోతాదు, మార్గం, గడియారపు సమయం ఉండాలి. షిఫ్టు మారేటప్పుడు మంచం పక్కన చెప్పుకొనే హ్యాండోవర్‌కూ ఇదే వరుస వాడవచ్చు.

చట్టం సంగతి క్లుప్తంగా చెబుతాను. 1995లో సుప్రీంకోర్టు డబ్బు తీసుకొని చేసే వైద్య సేవలను వినియోగదారుల చట్టం పరిధిలోకి తెచ్చినప్పటి నుంచి కేసు షీటు చాలా వివాదాలలో ముఖ్యమైన సాక్ష్యం. 2002 వైద్య మండలి నిబంధనల ప్రకారం ఇన్‌పేషెంట్ రికార్డులను మూడేళ్లు భద్రపరచాలి, రోగి అడిగితే 72 గంటలలో ఇవ్వాలి. అయితే కోర్టును తలచుకొని రాసే నోట్ పొడవుగా, భయంభయంగా తయారవుతుంది. తరువాతి షిఫ్టు నర్సును తలచుకొని రాయండి, ఆమెకు అర్థమైనది జడ్జికీ అర్థమవుతుంది. రోగి పడిపోవడం వంటివి జరిగితే చూసినదే రాయండి. "మంచం మీద నుంచి పడ్డాడు" అని మీరు చూడకపోతే రాయవద్దు. "02:10కి మంచం పక్కన నేల మీద, ఎడమ వైపుకు ఒరిగి ఉండగా చూశాను" అని రాయండి. ఎవరి తప్పన్నది కేసు షీటులో రాయవలసిన విషయం కాదు.

కంప్యూటర్ రికార్డులు మీ ఆసుపత్రికి వస్తే ఒక్క జాగ్రత్త చాలు: నిన్నటి నోటును కాపీ చేసి నేటి తేదీ వేయవద్దు. తీసేసిన క్యాథెటర్ మూడు రోజుల పాటు నోట్స్‌లో "ఉంది" అని కొనసాగడం నేను చూశాను.

ఇక మీ చివరి ప్రశ్న. మరచిపోయినది తరువాత రాయవచ్చు, రాయాలి కూడా. అయితే పాత పంక్తుల మధ్య ఇరికించకూడదు. ఇప్పటి తేదీ, సమయం వేసి, "లేట్ ఎంట్రీ" అని రాసి, ఆ పని జరిగిన అసలు సమయం చెప్పి, విషయం రాసి సంతకం చేయండి. తప్పు పడితే వైట్‌నర్ పూయవద్దు, బ్లేడుతో గీకవద్దు. కింద అక్షరాలు కనిపించేలా ఒక్క గీత కొట్టి, పక్కన సరైనది రాసి, సంతకం, సమయం వేయండి. డాక్టరు ఫోన్‌లో చెప్పిన ఆర్డరును రాసుకొని, తిరిగి ఆయనకు చదివి వినిపించి, అలా వినిపించినట్లు కూడా రాయండి. మా వార్డులో 24 గంటలలోపు ఆయన సంతకం తీసుకుంటాము. ఇంకొకరు చేసిన పనికి మీరు సంతకం చేయవద్దు, ఆమె మీకు ఎంత దగ్గరి స్నేహితురాలైనా సరే. సీనియర్లు ఈ విషయంలో ఒత్తిడి చేస్తే వాదించకుండా, "అక్కా, మీరు ఇచ్చింది మీరే రాస్తే బాగుంటుంది, నాకు టైమ్ తెలియదు కదా" అని కాగితం వారి చేతికి ఇవ్వండి. నాకు ఇలా చెప్పిన జూనియర్లు ఇద్దరు ముగ్గురున్నారు. ఒక్కరి మీదా నాకు కోపం రాలేదు. పేజీ నిండిపోతే మార్జిన్‌లో రాయకుండా కొత్త పేజీ తీసుకోండి. ఊడిపోయిన పేజీ ఏ రోగిదో తెలియక కట్టలో మిగిలిపోయినవి మా రికార్డు గదిలో ఇప్పటికీ ఉన్నాయి, కాబట్టి మొదటి అక్షరం రాయడానికి ముందే ఆ పేజీ పైన రోగి పేరు, వయసు, ఐపీ (ఇన్‌పేషెంట్) నంబరు వేయండి.